శివమ్మకు ఏటి చేప

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. అలాంటి బలవంతుణ్ణి కట్టుకున్నాను నేను. మా ఆయన రంగయ్య ముప్పై ఏళ్లలో ఒక్క ఏడు కూడా మాట తప్పలేదు. కుందూ ఏటికి కొత్త నీళ్లు వచ్చి తగ్గగానే నంద్యాలలో పుట్టి ఎక్కుతాడు. వెదురుతో అల్లిన ఆ గుండ్రటి పడవలోనే తిని, పడుకుని, దారిలో ఒక చేప పట్టి, ఆళ్లగడ్డ దిక్కున ఏటి ఒడ్డు పల్లెలో ఉండే చెల్లెలు శివమ్మకు ఇస్తాడు. మా ఇంట్లో అదే పుట్టింటి సారె. చీర మరిచినా ఫర్వాలేదు గానీ, ఏటి చేప లేకుండా అన్న ఆ గడప తొక్కకూడదు.

ఈ ఏడు ఆయనకు మోకాళ్ల నొప్పులు. ఒక్కణ్ణే పంపితే నాకు ప్రాణం నిలవదని నేనూ ఎక్కాను. మొదటి రోజంతా ఊరి మురుగులోనే తెడ్డు వేశాం. వల తీస్తే గుర్రపుడెక్క, పాల కవర్లు, ఒంటి చెప్పు. రెండో రోజు ఇసుక తవ్విన గుంతల మీద పుట్టి గిరగిరా తిరిగింది, చేప మాత్రం లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"కోయిలకుంట్లలో చెరువు చేప కొందాం పా. శివమ్మకెవరు చెప్తారు?" అన్నాను.

"తోడబుట్టిందానికి అబద్ధం తినిపియ్యమంటావా?" అన్నాడు.

మూడో రోజు పొద్దున మూరెడు జెల్ల చేప పడింది. అప్పుడు చూడాలి ఆయన ముఖం! మురికి నీళ్లలో పెరిగిన చేపైనా ఒక పగలు మంచినీళ్లలో ఉంచితే కడుపులో మడ్డి కక్కేస్తుందని మావాళ్ల నమ్మకం. అందుకని మేం తాగే క్యాను నీళ్లన్నీ కుండలో పోసి, దాన్ని అందులో వదిలాడు.

"మనమేం తాగాల?"

"ఒక్క పూట ఓర్చుకో, కృష్ణమ్మా."

చుట్టూ ఏరు పెట్టుకొని నాలుక పిడచకట్టుకుపోతూ పోయాం. ఈ ఏటి నీళ్లే తాగి బతికిన మా అత్త ఇప్పుడుంటే నమ్మేది కాదు.

సాయంత్రం రేవులో శివమ్మ ఎదురొచ్చింది. "ఈ ఏడు రావేమో అనుకుంటి అన్నా," అని చేపను చూసి కళ్లు తుడుచుకుంది. వెంటనే పులుసు పెట్టింది. ఉడికేకొద్దీ కిరసనాయిలు వాసన వచ్చింది. ఇంకో గుప్పెడు ధనియాల పొడి వేసింది గానీ వాసన పోలేదు. అట్లే ముందు ఆయనకూ తనకూ వడ్డించింది.

ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చప్పున చెల్లెలి కంచం తన ముందుకు లాక్కున్నాడు.

"నువ్వు తినొద్దులేమ్మా."

"ఏందన్నా, నా సారె నన్ను తిననియ్యవా?"

"నేను తింటా."

రెండు కంచాల్లోదీ ఆయనే తిన్నాడు. అరిచి ఆపాల్సింది నేను. తిట్టబోతే ఏడుపొచ్చింది.

తెల్లారాక పుట్టిని శివమ్మ గొడ్ల పాకలో బోర్లించి, ఆళ్లగడ్డ బస్టాండుకు వచ్చాం. శివమ్మ మా వెంటే వచ్చింది.

"వచ్చే ఏడు వట్టి చేతుల్తోనన్నా రా అన్నా," అంది.

ఆయన ఆమె తల మీద చేయి పెట్టాడు. వస్తానని మాత్రం అనలేదు.