విరిగిన బోల్టు, నాకు తెలియని వాసన

2022 ఏప్రిల్. రాయచోటిలో కారు మెకానిక్‌గా అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ల అనుభవం. బండిని షెడ్డుకు తేలేని వాళ్ల ఇళ్లకు నేనే వెళ్లేవాణ్ని.

ఆ రోజు ఫోన్ చేసింది శివారెడ్డన్న. మంగంపేట గనిలో యంత్రాల మీద పనిచేసి రిటైరైన మనిషి. బ్రేక్ ప్యాడ్లు తనే మార్చుకుందామని ఇంటి పక్క రేకుల షెడ్డులో కారుకు జాకీ పెట్టాడు. ప్యాడ్లను డిస్కుకు అదిమిపట్టే భాగాన్ని కాలిపర్ అంటాం. దాన్ని బిగించిన బోల్టు తుప్పుపట్టి కదల్లేదు. పానాకు ఇనుప పైపు తొడిగి లాగేసరికి తల తెగి చేతికొచ్చింది, మిగతా ముక్క లోపలే ఉండిపోయింది. మర్నాడు ఆయన భార్య ఓబుళమ్మక్కను కంటి ఆపరేషనుకు కడప తీసుకెళ్లాలి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు ఏడాది కరోనా వచ్చి నాకు వాసన తెలియకుండా పోయింది, అది తగ్గినా తిరిగి రాలేదు. మా ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. కాలిన ఆయిలు, మాడిన క్లచ్ ప్లేటు వాసనతోనే బండి రోగాల్లో సగం కనిపెట్టే పని మాది. ముక్కు పనిచేయదని తెలిస్తే బండి ఎవరిస్తారని భయం.

వెళ్లి చూశాను. ముక్క గట్టిగా కరుచుకుపోయింది. ఇలాంటప్పుడు చుట్టూ ఉన్న ఇనుమును గ్యాస్ టార్చ్‌తో కాలిస్తే అది వ్యాకోచించి బోల్టు పట్టు వదులుతుంది. బయట గాలి ఎక్కువగా ఉందని షెడ్డు తలుపు నేనే దగ్గరకు లాగాను. చక్రం కింద పరిచిన గోనెపట్టా తడిగా కనిపించింది. ఎండకు నీళ్లు చల్లారనుకున్నాను. అన్న ఆ పట్టా అంచునే పడుకుని సెల్లు లైటు పట్టాడు. నేను ఎడమ చేత టార్చ్ పట్టుకుని, కుడి చేత్తో లైటరు తీశాను.

తలుపు తెరుచుకుంది. మజ్జిగ గ్లాసులతో ఓబుళమ్మక్క.

"ఆగు నాయనా. పెట్రోలు వాసన ఇంత కొడ్తాంటే అగ్గి ఎలిగిస్తావేంది?"

నా బొటనవేలు లైటరు చక్రం మీదే ఉంది. దాన్ని తీయడానికి కూడా భయమేసింది. అన్న మెల్లగా పక్కకు జరిగి లేచాడు. ఆయన చొక్కా వీపంతా తడిసి ఉంది.

కిరసనాయిలు దొరక్క, తుప్పు వదులుతుందని రాత్రి నుంచీ బోల్టు మీద పెట్రోలు పోస్తున్నాడట. నేను వచ్చే ముందు కూడా పోశాడట. ఆ వాసనలోనే ఉండి ఆయన ముక్కుకూ అది ఆనలేదు.

"నువ్వు మెకానిక్కువి. నీకు తెలిసే ఉంటాదనుకుంటి బాషా," అన్నాడు.

గడప మీద కూర్చుని, నాకు వాసన తెలియదని చెప్పేశాను. అక్క అంది: "ముక్కు పోతే సిగ్గేముందప్పా. ఆ మాట ముందే చెప్పింటే నేను ఈడనే కూచుందును గదా."

గోనెపట్టా బయట దూరంగా పారేశాం. తలుపులు బార్లా తెరిచి, సబ్బునీళ్లతో నేల, చక్రం భాగాలు కడిగాం. అన్న చొక్కా మార్చుకున్నాడు. రెండు గంటలు ఆగి, అక్క వచ్చి వాసన లేదన్నాకే డ్రిల్ పట్టాను. ఇక నిప్పు జోలికి పోలేదు. బోల్టు మధ్యలో చిన్న రంధ్రం వేసి ఎక్స్‌ట్రాక్టర్ దించాను. అది ఎడమ మరలున్న పనిముట్టు. ఎదురు తిప్పేకొద్దీ బిగుసుకుని ముక్కను బయటికి లాగుతుంది. కానీ అదే లోపల విరిగిందా, ఇక డ్రిల్‌కు కూడా లొంగదు. కొద్దికొద్దిగా తిప్పాను. కిర్రుమంది. కదిలింది ముక్కా, విరిగింది ఎక్స్‌ట్రాక్టరా అని ఆగి చూశాను. ముక్కే కదిలింది. కొత్త బోల్టు వేసి, బ్రేకు సరిచూసి ఇచ్చాను. మర్నాడు వాళ్లు కడపకు వెళ్లారు.

తిరుగుదారిలో బండి రెండుసార్లు ఆపాను. కళ్ల ముందు అన్న తడిసిన వీపే ఆడుతోంది.

ఆ తర్వాత నా సంగతి అందరికీ చెప్పాను. కొందరు వేరే షెడ్డుకు పోయారు. పోనీ. పాడైన బండి ముందు ఇప్పుడు నేను మొదట అడిగేది, నాకంటే ముందు దాని మీద ఎవరు ఏం చేశారని. నిప్పు వెలిగించాల్సి వస్తే పక్కన ఒక మనిషిని నిలబెట్టి వాసన చూడమంటాను. ఎవరూ లేకపోతే ఆ పని ఆ రోజుకు ఆగినట్టే.