వినాయకుడి వెనక తలుపు

చదువు రెండో ఏడాదికి వచ్చేసరికి నాకు అనుమానం జబ్బు పట్టుకుంది. ఉద్యోగం చేసుకుంటూనే భవనాల్లో అగ్నిప్రమాద భద్రత మీద మాస్టర్స్ చేస్తున్నాను. ఎక్కడికెళ్లినా బయటికి దారి ఎటో ముందు వెతుకుతాను. సినిమాకెళ్తే తెర చూడను, తలుపులు చూస్తాను. "నిన్ను పెళ్లికి తీసుకెళ్తే పెళ్లికూతుర్ని వదిలేసి హోమగుండాన్నే చూస్తావు" అని మా ఆయన ఏడిపిస్తాడు.

ఆ వినాయక చవితికి ఇక్కడి మన తెలుగువాళ్లు, ఇంగ్లండ్‌లో మేముండే మిల్టన్ కీన్స్‌లో ఒక కమ్యూనిటీ హాలు అద్దెకు తీసుకున్నారు. లోపల అడుగు పెట్టగానే తలుపుల కోసం చూశాను. పడమటి గోడకు ఉండాల్సిన ఎమర్జెన్సీ తలుపు కనబడటం లేదు! స్వామి తూర్పుముఖంగా ఉండాలని మండపం సరిగ్గా దానికి అడ్డంగా కట్టి, వెనక జరీ తెర దించారు. పరుగెత్తే మనిషి బొమ్మున్న పచ్చ బోర్డు మీద బంతిపూల దండ వేలాడుతోంది. మండపమంతా దీపాలు, అగరొత్తులు, థర్మకోల్. ఆ పక్క గదిలో డాన్సు పిల్లలు, వాళ్లలో మా పాప. హాల్లో నిప్పంటుకుంటే వాళ్లకు దగ్గరి దారి ఆ తలుపొక్కటే.

కమిటీ పెద్ద అయిన అంకుల్‌ని పట్టుకున్నాను.

"అంకుల్, ఆ తలుపు తెరుచుకుంటదా?"

"పొద్దున నేనే తీసి చూసిన. మంచిగనే తెరుసుకుంటది."

"మండపం కొంచెం జరపరాదా?"

"ప్రాణప్రతిష్ఠ అయినంక ఎవరన్న జరుపుతరా? నీ సదువు కాలేజీల పెట్టుకో తల్లీ."

నా మొహం చూడకుండానే అన్నాడు. అబద్ధమే అనుకున్నాను. పోయినేడాదీ ఇదే హాల్లో ఇలాగే "అంతా ఓకే" అన్నాడు. తీరా చూస్తే తలుపుకు బయట ఎవరిదో కారు ఆనించి ఉంది. హాలంతా వినబడేలా గొడవపెట్టుకున్నాను. అప్పట్నుంచి మా ఇద్దరికీ పడదు.

ఆయన మీదే కన్నేసి ఉంచాను. మాటిమాటికీ తెర వెనక్కి వెళ్లొస్తున్నాడు. ఒకసారి పులిహోర ప్లేటుతో వెళ్లి ఖాళీ చేతులతో వచ్చాడు. ఏం దాస్తున్నాడు అక్కడ?

ఆయన కిచెన్‌లోకి వెళ్లగానే తెర వెనక దూరాను. కుర్చీలు గానీ అట్టపెట్టెలు గానీ అడ్డం పడేసి ఉంటారనుకున్నాను. ఏమీ లేవు. అయినా నమ్మకం కుదరక రెండు చేతులతో తలుపు నెట్టాను. ఇట్టే తెరుచుకుంది.

బయట సన్నటి తుంపర. మడతకుర్చీలో గొడుగు పట్టుకుని ఆంటీ, అంకుల్ భార్య. ఒళ్లో పులిహోర ప్లేటు.

"ఇక్కడేం చేస్తున్నారు ఆంటీ?"

"ఎవ్వరన్న కారు పెడ్తరేమోనని మీ అంకుల్ కూసోబెట్టిండు బిడ్డా. పోయినేడు నువ్వు లొల్లి జేసినవు గదా. లోపట హారతి అయిందా?"

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ పెద్దమనిషి నా మాట ఏడాదంతా గుర్తుపెట్టుకున్నాడు, నాతో మాత్రం ఒక్క ముక్క అనలేదు! ఆంటీని బతిమాలి లోపలికి పంపి, గొడుగు తీసుకుని ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. తెర మాత్రం తప్పే, అది తీయించమని చెప్పి పంపాను.

కాసేపటికి అంకులే వచ్చి తెర పక్కకు లాగి కట్టాడు. "ఇప్పుడు సల్లగున్నదా?" అని, తలుపు తెరిచే ఉంచి వెళ్లిపోయాడు.

గజ్జెలు మోగాయి. నేను కూర్చున్న చోటికి వినాయకుడి వీపు, దాని పక్క సందులోంచి మా పాప జడ మాత్రమే కనబడ్డాయి. పాట అయిపోగానే నన్ను వెతుక్కుంటూ, మండపం వెనకనుంచి ఆ తలుపులోంచే పరుగెత్తుకుంటూ బయటికొచ్చింది.

"మమ్మీ, డిడ్ యూ సీ మీ?"

"చూశాను బంగారం" అని దాన్ని గొడుగు కిందకు లాక్కున్నాను.