అసలు ట్యాగు వెతకడం నేర్పిన సార్

మా కంట్రోల్ రూమ్ సార్ పోయారన్న కబురు గురువారం పొద్దున తెలిసింది. రాఘవేంద్రస్వామి పటం ముందు దీపం పెట్టి కళ్ళు మూసుకున్నాను, ఫోన్ మోగింది. మిల్లులో నాతో పనిచేసే ఆపరేటర్. "అక్కా, సార్ పోయినాడంట. తెల్లారుజామున, ఆస్పత్రిలోనే" అన్నాడు. "ఇంకొక్కటి అడగాల్సింది ఉండాదే" అని మనసులో అనుకున్నాను.

ఆ ఒక్కటి ఏమిటో చెప్పాలంటే మా పని గురించి కాస్త చెప్పాలి. ఆదోనిలో మాది నూనె మిల్లు. మాదే ఇంకో యూనిట్ ఎమ్మిగనూరులో ఉంది. అక్కడ వేరుశెనగకాయలు, మేం బుడ్డలంటాం, డ్రయ్యర్‌లో ఆరబెట్టి మాకు పంపుతారు. యంత్రాల వేడి, ఒత్తిడి అన్నిటినీ హిస్టోరియన్ అనే సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు నమోదు చేసి దాచుకుంటుంది. ఒక్కో కొలతకు ఒక్కో పేరు ఉంటుంది, దాన్ని ట్యాగు అంటారు. ఎమ్మిగనూరు ట్యాగులు అక్కడి కంప్యూటర్‌లో ఉంటాయి. మేం చూసుకోవడానికి వాటి నకళ్ళు అదే పేరుతో మా కంప్యూటర్‌లోకి వస్తుంటాయి. నకళ్ళు మరీ ఎక్కువయ్యాయని, అసలువి ఉంచి నకళ్ళను తీసేయమని హెడ్డాఫీసు వాళ్ళు చెప్పారు. సార్, నేను కలిసి మొదలుపెట్టాం. మధ్యలో ఆయన ఆస్పత్రిలో చేరారు. మిగతావన్నీ ఈమధ్య పెట్టిన కొత్త యంత్రాలవి, వాటిని నేనే చేశాను గానీ ఎమ్మిగనూరు డ్రయ్యర్ వేడి దగ్గర చెయ్యి ఆడలేదు. సార్ ఆదోనికి రాకముందు ఏండ్ల తరబడి చూసుకున్న డ్రయ్యర్ అది. ఒకసారి తీసేస్తే మళ్ళీ రాదు. పొరపాటు చేస్తే ఆ ఏండ్లన్నీ పోతాయి. సార్ వచ్చాక అడుగుదాంలే అని ఆపాను.

సార్ ఇంటికి పోయినప్పుడు ఆయన భార్య, మేం ఆపా అంటాం, నా చెయ్యి పట్టుకుంది. "ఆస్పత్రిలో నీ మాటే సెప్తాండె మా. ఆయమ్మ ఒక్కతే కూసోనుంటాది ఆడ, యాళకు తింటాదో లేదో అని" అంది. నేను ఏడవకుండా ఉండాలనుకొని పోయినదాన్ని.

నేను పదో తరగతి వరకే చదివాను. ప్యాకింగులో నూనె డబ్బాలకు మూతలు బిగించే పని నాది. కంట్రోల్ రూమ్‌కు మనిషి కావాలని ఒకరోజు సార్ మా దగ్గరికి వచ్చి నన్ను రమ్మన్నారు. "నాకు కంప్యూటర్ రాదు సార్" అన్నాను.

"అది నేను నేర్పిస్తాలేమ్మా. నోరు మూసుకొని ఒకసోట కూసునేది ఎవురికీ నేర్పిచ్చలేను. అది నీకు వచ్చు."

పక్కన డబ్బాలు తూకం వేసే ఆమె ఊరుకోలేదు. "అది నోరు తెరిస్తే గదా సార్, మూసుకునేకి!" అంది. ప్యాకింగంతా నవ్వింది. సార్ కూడా నవ్వారు. అలా నేను ఆ గదిలోకి పోయాను.

మొదటి పాఠమే అసలుది, నకలు. ఒకే పేరున్న రెండు ట్యాగులు తెరిచి "ఏది అసలుది?" అన్నారు. రెండూ ఒకటే గదా అన్నాను. "ఆదోని బజార్లో నిలబడి రాఘవేంద్రా అని కేకెయ్. ఎంతమంది తిరుగుతారు? పేరు సూసి నమ్మితే ఎట్లమ్మా, ఎవురింటి రాఘవేంద్రో అడగల్ల గదా" అన్నారు. ట్యాగు వివరాల్లో అది ఎక్కడినుంచి వస్తోందో చెప్పే గడి చూపించారు. అక్కడ యంత్రానికి బిగించిన మీటరు పేరు ఉంటే అసలుది. ఇంకో కంప్యూటర్ పేరు ఉంటే నకలు. "ఆడికే ఆగొద్దు. వెనక్కి పోయి మొదలు యాడుందో సూడు" అనేవారు. ఎన్నిసార్లు తప్పు చెప్పినా ఆయన గొంతు పెరిగేది కాదు. చేతిరుమాలు కొనతో స్క్రీన్ తుడిచి, "మళ్ళా సూడు" అనేవారు.

ఎమ్మిగనూరు అంకె ఏదైనా తేడాగా కనిపిస్తే సార్ అక్కడికి ఫోన్ చేసేవారు. మొదటి మాట "తిన్యా అప్పా?" అనే. ఆ తర్వాతే, "పోయి మీటరు ముందర నిలబడి సదువు" అనేవారు.

గురువారం నాకు ఒక్కపొద్దు. ఆ రోజు సార్ ఫ్లాస్కు తీసుకొని వరండాలోకి పోయి టీ తాగేవారు. రంజాన్ నెలలో నేను టిఫిన్ డబ్బా బల్ల కింద దాచుకుంటే మాత్రం కోప్పడేవారు. "తినమ్మా! నా రోజా నాది, నీ ఆకలి నీది. నువ్వు తింటే పెరిగేకి నా కడుపులో మీటరేం లేదు."

సార్ పోయిన తర్వాత సోమవారం పనికి పోయాను. స్వామిని తలచుకొని ఆ రెండు ట్యాగులు తెరిచాను. ఎమ్మిగనూరుదానికి మీటరు పేరు ఉంది. మాదానికి ఎమ్మిగనూరు కంప్యూటర్ పేరు ఉంది. అనుమానమే లేదు, మాది నకలు, తీసేయాల్సింది అదే. చెయ్యి పెట్టబోయి, రెండింటి మొదలు చూశాను. ఎమ్మిగనూరుదాంట్లో పాత ఏండ్లు లేవు. కొన్నేండ్ల కింద పిడుగు పడి అక్కడి కంప్యూటర్ కాలిపోతే కొత్తది పెట్టారు. అసలుది అక్కడినుంచే మొదలైంది. అంతకుముందువన్నీ మా నకలులో భద్రంగా ఉన్నాయి.

హెడ్డాఫీసు మేడమ్‌కు ఫోన్ చేశాను.

"నకలే కదమ్మా, తీసేయండి" అన్నారు.

"నకలే మేడమ్. కానీ అసలుదాంట్లో పాత ఏండ్లు లేవు. దీన్ని తీసేస్తే అవి ఇంక యాడా ఉండవు."

"కొంచెం గట్టిగా మాట్లాడమ్మా, వినపడడం లేదు."

నా జన్మలో అంత గట్టిగా మాట్లాడి ఉండను. పక్క గదిలోంచి ఆపరేటర్ పరుగున వచ్చి తొంగి చూశాడు. మేడమ్ తన దగ్గర తెరిచి చూసుకున్నారు. "అవును, నిజమే. అది ఉంచేయండి. మంచిపని చేశారు, అడిగారు" అన్నారు.

ఫోన్ పెట్టేశాక ఆ పాత ఏండ్లు ఊరికే చూస్తూ కూర్చున్నాను. డ్రయ్యర్ వేడి గీత నేరుగా పోతూ, ప్రతి పొద్దునా ఒకచోట కొద్దిగా కిందికి దిగి మళ్ళీ లేస్తోంది. మీటరు వదులైందేమో అనుకొని, ఎమ్మిగనూరులో డ్రయ్యర్ దగ్గర మొదట్నుంచీ పనిచేసే పెద్దాయనను ఫోన్‌లో అడిగాను.

"మీటరు బాగానే ఉండె లేమ్మా. ఆ యాళకు సార్ వచ్చి తలుపు తీస్తాండె. పిడికెడు బుడ్డలు తీసుకొని సెవి కాడ ఆడిచ్చి ఇంటాండె, లోపల గింజ ఆరి గలగలమంటాదా లేదా అని. వేడంతా పోతాది, మూయి సార్ అని మేం అరుస్తాంటిమి. నవ్వుకుంటా నిలబడుతాండె."

గీతను ముందుకు జరుపుతూ పోయాను. శుక్రవారాల్లో ఆ పల్లం మధ్యాహ్నం, నమాజు వేళ దాటాక వస్తుంది. పండగ నాడు రాదు. సార్ ఆదోనికి మారిన తర్వాత మరి ఎక్కడా లేదు, గీత వంగకుండా పోతుంది. నేను మళ్ళీ వెనక్కి జరిపాను. సార్ తలుపు తీశారు, గీత కిందికి దిగింది. బుడ్డలు చెవి దగ్గర పెట్టుకొని ఆడించినంతసేపూ అక్కడే నిలిచింది. తలుపు మూశారు. మెల్లగా పైకి లేచింది.