కాడెద్దులున్న ఇంటికి సంకటి లేదు

నా చిన్నప్పుడు ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. పుంగనూరు దగ్గర మా పల్లెలో మా గాదెలోనే కాసిని రాగులు మిగిలాయి. మా అవ్వ రోజూ మధ్యాహ్నం పెద్ద కుండలో రాగిసంకటి కెలికి ఊరివాళ్లకు పెట్టేది. లేనివాళ్లకు తక్కువ పడకూడదని మా తాతయ్య గడప ముందు కుర్చీ వేసుకుని, ఎవరు పేదో తేల్చి లోపలికి పంపేవాడు. కాడెద్దులున్న ఇంటికి సంకటి లేదన్నది ఆయన పెట్టిన కట్టడి.

పక్కింటి మామకు కాడెద్దులుండేవి. మేత లేక వాటి ఎముకలు బయటపడ్డాయి. మామ పిల్లలు, నాతో గోళీలాడేవాళ్లే, గడప దాకా వచ్చి వెనక్కి పోయేవాళ్లు. నేను లోపల కూర్చుని అది చూస్తూనే తినేవాణ్ణి.

ఒకరోజు మామ ఎద్దుల్ని సంతకు తోలుకుపోయి వచ్చిన రేటుకు అమ్మేశాడు. మర్నాడు పిల్లలతో మా గడప ముందు నిలబడి, "ఇప్పుడు ఎద్దులు లేవప్పా. పెట్టిస్తావా?" అన్నాడు. 

అవ్వ సంకటి కట్టెతోనే బయటికొచ్చింది. "ఆకలైనోణ్ణి ఎద్దులుండాయా అని అడిగేది యాల? వచ్చినోళ్లందరికీ పెడదాం. మన పిల్లోళ్లూ ఆడనే కూసుంటారు," అని తాతయ్యను లేపి కుర్చీ లోపల పెట్టించింది. ఆనాటి నుంచి అందరం ఒకే వరసలో తిన్నాం. కానీ వానలొచ్చేసరికి మామకు దున్నే ఎద్దులు లేవు. చేను బీడు పెట్టి కుప్పం వైపు కూలికి పోయినవాడు మళ్లీ రాలేదు.

ఇప్పుడు మదనపల్లెలో ఉంటున్నాం. మా మనవరాలికి ఇంజనీరింగ్ సీటొచ్చింది. ఇంట్లో కారుంది కాబట్టి ఫీజు ప్రభుత్వం కట్టదన్నారు. నన్ను ఆస్పత్రికి తిప్పడానికి మా అబ్బాయి కొన్న పాత కారది. ఆ ఫీజు మేం కట్టలేం, కట్టలేమని ఒప్పించనూ లేం. కారు అమ్మేసి మనవరాలితో వార్డు సచివాలయానికి పోతే, ఈ ఏటికి కారున్న పాత లెక్కే చెల్లుతుందన్నారు. అందరికీ ఇయ్యొచ్చు గదమ్మా అన్నాను.

"అందరికీ ఇస్తే లేనోళ్లకు ఏం మిగుల్తాది తాతా?" అంది అక్కడి అమ్మాయి. అదీ నిజమే. తాతయ్యా అదే అనేవాడు. కాకపోతే ఆయన గడప ముందు కనబడేవాడు, అవ్వ లేపగలిగింది. ఈ కుర్చీ ఎక్కడుందో కూడా నాకు తెలియదు.

మామ పిల్లలు వెనక్కి మళ్లిన ఆ నడకను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నిన్న మా మనవరాలు సచివాలయం మెట్లు అట్లాగే దిగింది.