ఎప్పుడు మానాలో చెప్పిన డాక్టరమ్మ

మొన్న మా అమ్మాయి మందుల షాపు నుంచి తెచ్చిన సీసా మూత తీయగానే నిమ్మతొక్క వాసన గదంతా పరుచుకుంది. తన కిడ్నీలో చిన్న రాయి ఉందని డాక్టరు రాసిచ్చిన సిరప్పు అది. మూతకు అంటిన చుక్కను వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను. ముందు తీపి, ఆ తరువాత ఉప్పు, చివరకు నాలుక అంచుల్లో సన్నటి మంట. ఇన్నేళ్ళలో సీసాలు మారాయి, రంగులు మారాయి, ఆ మంట మాత్రం మారలేదు. "నీళ్ళు కలుపుకుని, అన్నం తిన్నాక తాగు. నువ్వు వేసుకునే బీపీ మాత్ర పేరు డాక్టరుకు చెప్పావా? కొన్ని మాత్రలకూ దీనికీ పడదు" అన్నాను. అది చెప్పనే లేదట. నవ్వుతూనే ఫోను దగ్గరకు వెళ్ళింది. అది నంబరు తిప్పుతుంటే నా మనసు మాత్రం సికింద్రాబాదు మెట్టుగూడ వెళ్ళిపోయింది, డాక్టర్ కరుణమ్మగారి దగ్గరకు.

హైదరాబాదు ఇంకా నిజాం రాజ్యంగా ఉన్న రోజులవి. నేను గోదావరి జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు పని నేర్చుకుని, సికింద్రాబాదులో రైల్వే గుమాస్తాగా ఉన్న మా అన్నయ్య ఇంటికి వచ్చాను. ఆడపిల్లకు కాంపౌండరు ఉద్యోగం ఎవరిస్తారని వదిన బెంగపడింది. వారం తిరక్కుండానే చర్చి దగ్గర కరుణమ్మగారు కనిపించారు. పొడవాటి మనిషి, తెల్లచీర, చంకలో మగవాళ్ళు వాడే పెద్ద నల్లగొడుగు. మాది కోస్తా అని నా మాట వినగానే కనిపెట్టారు. ఆవిడదీ అటువైపే, కాని ఇక్కడ చాలా ఏళ్ళుండటం వల్ల ఉర్దూ మాటలు ఆవిడ తెలుగులో కలిసిపోయాయి. "రేపు పొద్దున్నే డిస్పెన్సరీకి రా. పనితనం చూస్తాను" అన్నారు. ఉద్యోగం ఇస్తానని గాని ఇవ్వనని గాని అనలేదు.

మర్నాడు నాచేత మొదట కలిపించింది ఈ మిక్చరే. పొటాషియం సిట్రేటు, నారింజ షర్బతు, కాచి చల్లార్చిన నీళ్ళు. కలిపి సీసాలో పోశాక, "తాగు" అన్నారు. ఏదో పరీక్ష కాబోలనుకుని ఒక చెంచా అలాగే మింగేశాను. గుండెల్లోంచి కడుపు దాకా సెగ పాకింది. అప్పుడు గ్లాసుడు నీళ్ళలో మరో చెంచా కలిపి ఇచ్చారు. హాయిగా దిగింది. "తేడా తెలిసిందిగా. ఇక నీళ్ళు కలపమని నువ్వు చెప్పే తీరే వేరుగా ఉంటుంది" అన్నారు. తరువాత లిట్మస్ కాగితాలు చూపించారు. రోగి మూత్రంలో ముంచితే కాగితం ఎర్రబడుతోందంటే పులుపు ఎక్కువగా ఉన్నట్టు. ఆ పులుపులో కట్టే రాళ్ళను ఈ మందు కొంత కరిగిస్తుంది, మళ్ళీ కట్టకుండా ఆపుతుంది. కొన్ని రాళ్ళు దీనికి లొంగవు. చీము పట్టిన చోట కట్టిన రాయయితే ఈ మందుతో ఇంకా పెరిగే ప్రమాదం ఉంది. "నడుం నొప్పి అన్న ప్రతివాడికీ పోసెయ్యడానికి ఇది మజ్జిగ కాదు రత్నం" అనేవారు.

లాలాగూడ రైల్వే వర్కుషాపులో పోతపని చేసే ఖాజామియా, నేను పనిలో చేరిన ఆ వేసవిలోనే మొదటిసారి వచ్చాడు. రోజంతా కొలిమి ముందు పని, చొక్కా పిండితే చెమట ధార కట్టేది. నీళ్ళు తాగడానికి కొలిమి వదిలి పోతే మేస్త్రీ కేకలేస్తాడని సాయంత్రం దాకా ఓర్చుకునేవాడు. నడుము పట్టుకుని వంగిపోయి, "డాక్టరమ్మా, కత్తితోని కోస్తున్నట్టుంది. జెర దవా ఇయ్యున్రి" అన్నాడు. కరుణమ్మగారు నొప్పికి మందిచ్చి, మూత్రం పరీక్షించి, మిక్చరు మొదలుపెట్టారు. మూత్రాన్ని గుడ్డలో వడపోయమన్నారు. కొన్నాళ్ళకు అతను కందిగింజంత పసుపు రాయిని కాగితంలో పొట్లం కట్టుకుని, ముత్యం తెచ్చినట్టు తెచ్చాడు. "ఇది పోయింది సరే. నీళ్ళు మానితే ఇంకోటి వస్తుంది" అన్నారు ఆవిడ. అప్పటినుంచి అతను కొలిమి పక్కనే కూజా పెట్టుకున్నాడు. మేస్త్రీ ఏమన్నా అంటే డాక్టరమ్మ పేరు చెప్పేవాడట. అతని భార్య హలీమాబీ వచ్చినప్పుడల్లా మా ఇద్దరికీ ఇంట్లో చేసిన నిమ్మకాయ పచ్చడి తెచ్చేది.

ఆ తరువాత ఊరు చెడింది. రజాకార్ల భయం, సరిహద్దుల్లో అడ్డంకులు, బజారులో మందుల కరువు. కొందరు బెజవాడ రైలెక్కారు. అన్నయ్య కూడా వెళ్దామన్నాడు గాని నేను కదల్లేదు. డాక్టరమ్మగారు డిస్పెన్సరీ తలుపు ఒక్కరోజైనా మూయకపోతే నేనెలా వెళ్ళను? సిట్రేటు దొరికినప్పుడే, దూరాన ఉండేవాళ్ళకు మాటిమాటికీ తిరిగే పని లేకుండా పెద్దసీసాల్లో కలిపి ఇచ్చాం. ఖాజామియాకూ అలాగే ఇచ్చాం. సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. పోలీసు చర్య అన్నారు. నిజాం లొంగిపోయాడు. మా వీధిలో కొందరు మిఠాయి పంచారు, కొందరు తలుపులు బిగించుకున్నారు. జిల్లాల్లో జరిగిన ఘోరాల వార్తలు వస్తుంటే, లాలాగూడలో ముస్లింల ఇళ్ళవాళ్ళు నీళ్ళకైనా బయటికి రావడానికి జంకారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం హలీమాబీ ఒంటరిగా నడిచి వచ్చింది. బురఖా అంచులనిండా బురద. "మళ్ళీ షురూ అయింది అమ్మా. ఒంటికి పోక నిన్నటి సంది తక్లీఫ్ పడుతుండు" అంది. ఆ మాట వినగానే కరుణమ్మగారు సంచీ, గొడుగూ తీసుకుని లేచారు. నన్నూ రమ్మన్నారు. రైలుకట్ట దాటాక ఒక జవాను ఆపాడు. ఆవిడ గొంతు పెంచకుండానే, రోగి ఉన్నాడనీ, తాను డాక్టర్ననీ హిందీలో చెప్పారు. అతను హలీమాబీ వైపు ఒకసారి చూసి దారి ఇచ్చాడు.

ఖాజామియా నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. పొత్తికడుపు ఉబ్బి ఉంది. కాళ్ళు ఎత్తలేకపోతున్నానని, ఒళ్ళంతా సీసం పోసినట్టుందని అన్నాడు. ఆవిడ చాలాసేపు నాడి పట్టుకుని కూర్చున్నారు. నన్నూ పట్టుకోమన్నారు. నా వేలి కింద అది మెల్లగా, ఆగి ఆగి కొట్టుకుంటోంది. గోడ దగ్గర మేమిచ్చిన పెద్దసీసా ఖాళీగా ఉంది. బయటికి రాలేక, నొప్పి వచ్చినప్పుడల్లా ఇంకాస్త ఇంకాస్త పోస్తూ వచ్చింది హలీమాబీ. "కొంచెం మందుకు కొంచెం తగ్గితే, ఎక్కువ మందుకు జల్ది తగ్గుతదనుకున్న" అంది. డాక్టరమ్మగారు సన్నటి గొట్టం పెట్టి మూత్రం తీయాలని చూశారు. దారిలో రాయి అడ్డుపడి గొట్టం పోలేదు. ఆవిడ చేతులు కడుక్కుని, "ఈ మందు ఇక ఒక్క చుక్క కూడా పోయొద్దు. పెద్దాసుపత్రికి పోవాలి" అన్నారు.

హలీమాబీ ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది. "ఇంకో సీసా ఇయ్యున్రి. ఆసుపత్రిల మావోళ్ళను ఎవరు చూస్తరు ఇప్పుడు?" అంది. డాక్టరమ్మగారు తల అడ్డంగా ఊపారు. అప్పుడు ఆ మనిషి లేచి నిలబడింది. గొంతు మారిపోయింది. "ఇన్ని దినాలు ఇచ్చిన మందు ఇయ్యాల ఎందుకు ఇయ్యరు? రాజ్యం మారిందని మీరు సుత మారిన్రా?"

నాకు కోపం వచ్చింది. బీబీ, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా అని నోటిదాకా వచ్చింది. కరుణమ్మగారు నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. చీర సర్దుకుని కింద, ఆ మట్టినేల మీద కూర్చున్నారు. హలీమాబీ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "నువ్వడిగింది సరైన మాటే. జవాబు చెప్తా విను. ఈ మందులో ఒక ఉప్పుంది. ఒంటికి కావలసినంత ఉంచుకుని, మిగతాది మూత్రంతో బయటికి పోతుంది. దారి తెరిచి ఉన్నన్నాళ్ళూ అది మంచి మందే. ఇప్పుడు దారి మూసుకుపోయింది. పోసిందంతా నెత్తుట్లోనే ఉంటోంది. అది ఎక్కువైతే కాళ్ళు బరువెక్కుతాయి, గుండె నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది కూడా. అతని నాడి నువ్వే చూడు" అన్నారు. ఆమె వేళ్ళను భర్త మణికట్టు మీద పెట్టారు. ఆ తరువాత హలీమాబీ చిన్నగా, "మీరు సుత దవాఖానకు వస్తరా?" అని అడిగింది.

"నేను రాకుండా ఎలా పంపిస్తాను?"

జట్కా దొరకడానికి చాలా తిరగాల్సి వచ్చింది. చివరకు పక్కవీధిలోని ముసలి జట్కావాడు ఒప్పుకున్నాడు. ఖాజామియా తల ఆవిడ ఒళ్ళో పెట్టుకున్నారు. దారిలో ఎక్కడ ఆపినా ఆవిడే ముందుగా తల బయటపెట్టి మాట్లాడారు. ఆసుపత్రిలో సర్జనుకు మందు ఎంత తాగాడో, మూత్రం ఎప్పటినుంచి లేదో, నాడి ఎలా ఉందో ఒక్కొక్కటే చెప్పారు. ఏ మాటా దాచలేదు. ఆ సాయంత్రమే రాయి తీశారు. మూత్రం కదిలాక నాడి మెల్లమెల్లగా దారిలో పడింది. వరండాలో నిలబడి ఆ కబురు విన్నప్పుడు హలీమాబీ ఏడవలేదు. డాక్టరమ్మగారి గొడుగు అందుకుని మడిచి, తన చేతిలో పట్టుకుంది.

తిరిగి వస్తూ కరుణమ్మగారు డిస్పెన్సరీ గుమ్మం దగ్గర ఆగి, "మందు ఎలా తాగాలో చెప్పాం రత్నం. ఎప్పుడు మానాలో చెప్పలేదు. సగం మందే ఇచ్చినట్టు" అన్నారు. ఆ మాటలో విచారం కన్నా నిర్ణయం ఎక్కువగా వినిపించింది. మర్నాటినుంచి సీసా ఎవరికిచ్చినా మూత్రం తగ్గినా, జ్వరం వచ్చినా, కాళ్ళు బరువెక్కినా, వాంతులైనా వెంటనే మందు ఆపి రమ్మని చెప్పి, ఆ మాట వాళ్ళ నోటివెంట మళ్ళీ చెప్పించేవాళ్ళం. ఖాజామియా కోలుకున్నాక మిక్చరు పేరు వింటేనే భయపడ్డాడు. ఆవిడ ఊరుకోలేదు. కిడ్నీలు బాగున్నాయని తేలాక, కొద్ది మోతాదుతో, వారంవారం కాగితం ముంచి చూస్తూ మళ్ళీ మొదలుపెట్టారు. "నిన్ను చంపబోయింది మందు కాదు, మూసుకున్న దారి. దారి తెరుచుకుందిగా" అని నచ్చజెప్పారు. అతను మళ్ళీ కొలిమి దగ్గరకు వెళ్ళాడు. నేనక్కడ ఉన్నన్నాళ్ళూ ఇంకో రాయి రాలేదు.

కరుణమ్మగారు పోయాక నేను వేరే ఆసుపత్రుల్లో చాలాకాలం పనిచేశాను. మందులు కలిపే పద్ధతులు ఎన్నో మారాయి. ఆవిడ నేర్పిన కొలతలు ఇప్పుడెవరికీ అక్కరలేదు. నాకు మిగిలింది ఇంకొకటి. ఒకసారి ఒక పల్లెటూరి తల్లి మందు సీసా బల్లమీద విసిరేసినంత పని చేసి, "పేదోళ్ళమని నీళ్ళమందు ఇస్తున్రు గదా" అంది. వెనక క్యూలో జనం, పక్కన విసుక్కుంటున్న నర్సు. నేను కౌంటరు తలుపు తీసుకుని ఇవతలికి వచ్చాను. బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని, "నువ్వడిగింది సరైన మాటే అమ్మా" అని మొదలుపెట్టాను.