అత్తయ్య ఎవరికీ అప్పగించని పగ

మా మేనత్త పోయిన శుక్రవారం రాజోలులో కన్నుమూసింది. ఆమె అందరినీ క్షమించి ప్రభువు దగ్గరకు వెళ్ళిందని పాస్టరుగారు సమాధి దగ్గర ప్రార్థన చేశారు. అది నిజం కాదు. అత్తయ్య క్షమించలేదు. ఆ మాట ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

పెళ్ళవగానే మామయ్యతో రంగూన్ వెళ్ళింది. ఆయనకు అక్కడ బియ్యం మిల్లులో పని. జపాను విమానాలు వచ్చిన పగలు, ఏమిటో తెలియక జనమంతా వీధిలో నిలబడి పైకి చూశారట. మామయ్య కూతుర్ని భుజాలమీద ఎక్కించుకుని చూపించాడు. అత్తయ్య పొయ్యి దగ్గర ఉంది. బయటకు వచ్చేసరికి వాళ్ళిద్దరూ లేరు, వీధీ లేదు.

ఓడలో కాకినాడ చేరి మా ఇంటికి వచ్చింది. మిరపకాయలు దంచేటప్పుడు ఆ బాంబు వేసినవాడికి రోకటిపోటుకో తిట్టు. పాస్టరుగారు క్షమించమనేవారు. "ఆయ్, అలాగేనండి. ముందు ఆడొచ్చి అడగాలి కదండీ" అనేది.

ఆయనే ఒకరోజు పేపరు పట్టుకుని వచ్చారు.

"నీ పగ తీరిందమ్మా! ఒక్క బాంబుతో జపానులో ఊరు ఊరంతా బూడిద చేసేసేరు."

అత్తయ్య మొహం వెలిగింది. నేను చూశాను.

"నా బిడ్డ మీద బాంబేసినోడు చచ్చేడా అండీ?"

"అదెలా తెలుస్తుందమ్మా? ఊళ్ళోవాళ్ళు పోయేరు."

"అంటే పొయ్యి దగ్గరున్నోళ్ళూ, ఈధిలో నిలబడ్డోళ్ళూనా?"

దీంతో యుద్ధం ఆగుతుందనీ, ఎందరో బతుకుతారనీ ఆయన నచ్చజెప్పబోయారు.

"రంగూన్ మీద ఏసినోడూ ఇలాంటి మాటే చెప్పుకునుంటాడండి. నా పగ తీర్చమని నేనెవర్నీ అడగలేదు. ఇప్పుడు నాకు ఇద్దరు పగోళ్ళు."

పగ మంచిది కాదంటారు. ఆ పగే లేకపోతే మా ఇంట్లో ఆ పిల్ల పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. ఇంకా పెద్ద బాంబులు చేస్తున్నారని చదివినప్పుడల్లా నాకూ పళ్ళు పటపటమంటాయి. అత్తయ్య నాకిచ్చిపోయిన ఆస్తి అదే.

మా చెల్లెలి పెళ్ళి విందు మరిచిపోలేను. పెళ్ళికొడుకు అన్నగారు యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ తరఫున బర్మా మీద విమానం నడిపినవాడు. పంక్తిలో ఆ కబుర్లే చెబుతున్నాడు. అన్నం గిన్నెతో వచ్చిన అత్తయ్య ఆయన ముందు ఆగింది.

"ఊళ్ళ మీద కూడా ఏసేరా బాబూ?"

"ఏసేమండి. శత్రువులు అక్కడే ఉండేవారు కదండీ."

"కిందున్న మనుషులు కనబడతారా?"

"అంత ఎత్తునుంచి కనబడరండి. ఇళ్ళ కప్పులే."

"అయితే నాకూ నువ్వు కనబడవు నాయనా."

ఆయన ఆకు దాటి పక్క ఆకులో వడ్డించింది. కూర తెచ్చినవాళ్ళనీ అక్కడ ఆగనివ్వలేదు. మగపెళ్ళివారు లేచారు. "అక్కా, పిల్ల బతుకే!" అని నాన్న చేతులు జోడించాడు. అత్తయ్య కదల్లేదు.

"కూర్చోండి. తినండి" అని పెళ్ళికొడుకు అన్నగారే తనవాళ్ళకు చెప్పాడు.

అందరూ తిన్నారు. ఖాళీ ఆకు ముందు తల వంచుకుని ఆయన కూర్చున్నాడు. చల్లుకున్న నీళ్ళు ఆ ఆకు మీద చుక్కలుగా నిలిచి ఉన్నాయి. అత్తయ్య వరుస చివర గిన్నె పట్టుకుని నిలబడి, పంక్తి లేచేదాకా, రెప్ప వాల్చకుండా ఆయన మొహమే చూస్తూ ఉంది.