చాచా గిల్లని మొగ్గలు

చాచా పోయారన్న కబురు పిట్టగోడ మీదుగా వచ్చింది. నేను వసారాలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. "మీ చాచా లేవట్లేదే అమ్మాయ్," అంది చాచీ. చేతిలో ఉన్న మట్టిగడ్డను పారేసి, ఇంకోటి కూడా ఏరాను. ఆ తర్వాతే లేచాను. ఇన్ని రోజులైనా నాకు ఏడుపు రాలేదు. లోపలంతా తిమ్మిరెక్కినట్టుంది.

నరసరావుపేటలో మా పక్కిల్లే ఆయనది. చొక్కాలు కుట్టేవారు. రెడీమేడ్ దుకాణాలు వచ్చి పని తగ్గాక, ఆ తీరికంతా డేలియాలకు పెట్టారు. మా పూల సంఘంలో ఇద్దరం ఒకేసారి చేరాం. ప్రదర్శనకు వచ్చే మీలో చాలామంది ఆయన పూలు చూసే ఉంటారు. మన ఎండలకు డేలియాలేమిటని నవ్వినవాళ్లూ ఉంటారు. ఎండాకాలం దుంపలను పొడి ఇసకలో పెట్టి మంచం కింద దాచేవారు. ఒక ఏడు చాచీ చిలగడదుంపలనుకుని కొన్ని ఉడకబెట్టింది. ఆయన ఉప్పు చల్లుకుని ఒక ముక్క తిని, "పువ్వంత బాగాలేదులే," అన్నారట.

ఆయన పట్టు ఒక్కటే, చెట్టుకు ఒకే పువ్వు. పక్క మొగ్గలన్నీ గిల్లేసేవారు. నాకు చేతులు రాక నిలబడితే, "ఏందమ్మా, అన్నిట్నీ సాకితే పువ్వు చొక్కా బొత్తామంత అయిద్ది. ఒక్కదాన్ని చూసుకో, చాలు," అనేవారు. పూశాక మెడలోని టేపు తీసి కొలిచేవారు. రిక్షాలో ప్రదర్శనకు వెళ్లేటప్పుడు పువ్వు వాలకుండా, కాలర్లలో పెట్టే కాన్వాసు గుడ్డను గుండ్రంగా కత్తిరించి దాని కింద తొడిగేవారు. ఇంత చేసినా ఎప్పుడూ రెండో బహుమతే. "మొదటిదొస్తే ఇంక చేసేదేముంది?" అనేవారు గానీ, ఇల్లు చేరేదాకా మాట్లాడేవారు కాదు.

ఈ ఏడు ముదురెరుపు డేలియా మీద ఆశ పెట్టుకున్నారు. కాన్వాసు ముందే కత్తిరించి నాకిచ్చారు. "నా దగ్గరుంటే ఎవడి చొక్కాలోనో కుట్టేస్తా. నీకాడే ఉండనీ," అన్నారు.

చెట్టు మొగ్గ తొడిగేవేళకు ఆయన లేరు. రోజూ వెళ్లి నీళ్లు పోశాను. పక్క మొగ్గలు గిల్లకపోతే ఆయన పువ్వు పోయినట్టేనని తెలుసు. వేళ్లు మొగ్గ దాకా వెళ్లి ఆగిపోయేవి. దుఃఖమంటే ఇదేనేమో, నాకు తెలియలేదు.

ప్రదర్శన రోజున సంఘం కార్యదర్శి రిక్షా తీసుకుని వచ్చాడు. చెట్టు నిండా చిన్న చిన్న పూలు. చాలాసేపు చూసి, "పోటీకి ఆనవమ్మా ఇవి," అన్నాడు మెల్లగా.

చాచీ, భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది, గడప దాటకూడదు. పరదా వెనక నుంచే అంది.

"పోటీ లేకపోతే మానె. తీసకపోండయ్యా. ఇన్నేళ్లూ ఆయన నన్ను చూడనియ్యని పూలు గదా ఇయ్యి."

ఆయన కుండీ ఎప్పుడూ ఉండే చోటే పెట్టాం. పోటీలో లేదు కనక నంబరు చీటీ అంటించలేదు. జనం వచ్చి చూసి, పక్క కుండీ దగ్గరికి వెళ్లిపోతున్నారు. నేను సంచిలోంచి కాన్వాసు తీసి ఒక్కో పువ్వు కిందా పెట్టి చూశాను. ఏ పువ్వు కింద పెట్టినా చుట్టూ తెల్లగా గుడ్డే మిగిలింది, నడుమ బొత్తామంత ఎరుపు.